కొండపల్లి నుంచి హారిస్‌డేల్ దాకా

డిసెంబరు సెలవులకు దేశం వెళ్ళివచ్చే మన కుటుంబాల పెట్టెల్లో చీరల తరువాత ఎక్కువగా కనిపించేవి బొమ్మలే. సంక్రాంతి ఇక్కడ మండువేసవిలో వస్తుంది గాని, కొలువు కొలువే. అంచేత బొమ్మలు కొనబోయే మిత్రులకు నాలుగు మాటలు.

విజయవాడకు పాతిక కిలోమీటర్ల లోపే కొండపల్లి. అక్కడ తెల్లపొణికి అనే తేలిక కర్రను చెక్కుతారు. చేతులూ కాళ్ళూ విడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాడిచెట్టు ఎక్కే గీతగాడు అన్నీ అలా పుట్టినవే. అంతదూరం వెళ్ళే తీరిక లేకపోతే ఆంధ్రలో లేపాక్షి, హైదరాబాదులో గోల్కొండ ప్రభుత్వ దుకాణాలున్నాయి.

ఇహ అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. లేతు మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు లక్కను అదిమితే, ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. చెట్ల నుంచి తీసిన రంగులను అక్కడ మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

రంగు సంగతి వైద్యుడిగా చెబుతున్నాను. కొన్ని ఎనామిల్ రంగుల్లో సీసం ఉండవచ్చు. పసివాళ్ళ మెదడుకు "ఇంతైతే ఫరవాలేదు" అనదగ్గ సీసం మోతాదు లేదు. ఏ రంగు వేశారో అడగండి. తెలియకపోతే ఆ బొమ్మను కొలువు మెట్టు మీద ఉంచండి, పసిపిల్ల నోటికి అందనివ్వకండి.

బేరం ఆడవద్దనను. కాని మనం పట్టుపట్టి తగ్గించే యాభై రూపాయలు ఇక్కడ ఒక్క డాలరు కూడా కాదు. చెక్కినవారికి అది కూలిలో భాగం.

పోతే, పెర్త్‌లో దిగాక కర్ర సామాను ఉందని తప్పక ప్రకటించండి. అధికారులు వెదికేది పురుగు, బెరడు. సన్నని రంధ్రాలు, రాలే పొట్టు ఉన్నాయేమో కొనేటప్పుడే చూసుకోండి. గడ్డితో చుట్టించకండి, కాగితం చాలు. పురుగు కనబడితే మన ఖర్చుతో శుద్ధి చేయించుకోవాలి, లేదా వదులుకోవాలి. ప్రకటించినవారికి జరిమానా ఉండదు. దాచినవారికి పడవచ్చు.

కొన్నచోటనే ఊరి పేరు, కర్ర పేరు ఒక చీటీ మీద రాయించుకోండి. విమానాశ్రయంలో అధికారికి చెప్పడానికి పనికివస్తుంది. కొలువు ముందు కూర్చుని ఇవి ఎక్కడివని అడిగే మన పిల్లలకు చెప్పడానికీ పనికివస్తుంది.