మంచు రాలేదు, సెలవులు మాత్రం వచ్చాయి

"ఈసారికి వద్దులే, తర్వాత వెళ్దాం" అన్న మాట మన ఇళ్ళల్లో ఎంత మెత్తగా వినిపిస్తుందో! వాయిదా అంటారు గానీ, నా ఇరవై మూడేళ్ళ కాపురంలో అలా వాయిదా పడి మళ్ళీ తిరిగొచ్చిన ప్రయాణం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఊటీ అలాగే పోయింది. కాశీ రెండుసార్లు పోయింది. అందుకే 2024 జనవరిలో మా గుల్మార్గ్ ప్రయాణానికి మంచు మొహం చాటేసినప్పుడు, నాకు మంచు లేదన్న బెంగ కన్నా ఈ మాట ఎవరి నోట వస్తుందోనన్న భయమే ఎక్కువైంది.

కోనసీమ వాళ్ళకి మంచు మీద స్కీయింగ్ ఏంటి అని మీకు నవ్వొస్తుందేమో. మాకూ వచ్చింది. ధనుర్మాసంలో తెల్లారుజామున కొబ్బరితోటల మధ్య కాస్త పొగమంచు పడితేనే "అబ్బ, ఏం చలి!" అని మంకీ క్యాప్ తగిలించుకునే జనం మేము. సంక్రాంతి చలి చంకలెత్తనివ్వదని సామెత ఉంది గానీ, అమలాపురం చలికి ఒక దుప్పటి చాలు. ఇదంతా మా అబ్బాయి కోరిక. వాడు అప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు. గుల్మార్గ్‌లో మంచు మీద జారడం నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉందని, అది మన దేశంలో అందుకు పేరున్న చోటని ఎక్కడో చదివాడు. "కోర్సు వద్దమ్మా, రెండు రోజులు అద్దెకి సామాను తీసుకుని, నేర్పేవాణ్ణి పెట్టుకుంటే చాలు" అన్నాడు. వాడి పేరు చెప్పి నేనూ ఆశ పెంచుకున్నాను. ఇరవై నెలలు చీటీ కట్టాను.

ఈ ప్రయాణానికి అసలు కష్టం డబ్బు దగ్గర కాదు, తారీఖుల దగ్గర వచ్చింది. అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం. దాని సెలవు దొరకాలి. అబ్బాయికి కాలేజీ ఉండకూడదు. మావారిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. ఫోను మోగని రోజుండదు. మా అత్తయ్యగారికి డెబ్భై నాలుగేళ్ళు. మేం లేనన్ని రోజులూ మా ఆడపడుచు వచ్చి ఉండాలి, ఆవిడ రావాలంటే ఆవిడ ఇంట్లో ఇంకో సర్దుబాటు జరగాలి. ఇన్ని లెక్కలు కుదిరి జనవరి 18 నుంచి 22 దాకా అయిదు రోజులు దొరికాయి. 16న కనుమ. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి అది దాటాక, ముక్కనుమ కూడా వెళ్ళాక బయలుదేరడం.

డిసెంబరు ఆఖర్నుంచే అబ్బాయి ఫోన్లో గుల్మార్గ్ ఫోటోలు చూపించడం తగ్గించాడు. కశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారట. మనం నెలగంట పెట్టినట్టు, వాళ్ళకి అసలు చలికాలం అప్పుడు మొదలైనట్టు. ఆ రోజుల్లో పడే మంచే గట్టిపడి నిలుస్తుంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే మేఘాలు అంత దూరం ప్రయాణం చేసి హిమాలయాలకి తగిలి మంచు కురిపించాలి. ఆ ఏడు అవి మొహం చూపించలేదు. అది ఎల్ నినో సంవత్సరం కూడాను. జనవరి రెండో వారానికి గుల్మార్గ్ గడ్డి ఎండిపోయి గోధుమరంగులో కనిపిస్తున్న ఫోటోలు పేపర్లలో వచ్చాయి. అప్పటికి అక్కడి మాజీ ముఖ్యమంత్రిగా ఉన్న ఒమర్ అబ్దుల్లా కూడా ఆ ఫోటోలే పెట్టి, చలికాలంలో ఇలాంటి గుల్మార్గ్‌ని చూడలేదని వాపోయారు. ఫిబ్రవరి మొదట్లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు వాయిదా వేశారు.

భోగికి మూడు రోజుల ముందు నేను అరిసెల పాకం దగ్గరుండగా, అమ్మాయి బెంగుళూరు నుంచి అక్కడి హోటలాయనతో హిందీలో మాట్లాడి మాకు ఫోన్ చేసింది. ఆయన ఉన్నమాట చెప్పాడు. "రండి, కేబుల్ కారు ఎక్కొచ్చు, పైన కొండమీద అక్కడక్కడా కాస్త మంచుంది, కానీ జారడానికి మాత్రం లేదు. మీ అడ్వాన్సు తిరిగి పంపేస్తాను" అన్నాడట. అంతటితో ఆగకుండా, మీరు రాకపోతే ఈ నెల గడిచిపోతుంది, మంచే రాకపోతే ఎండాకాలం ఊటలూ వాగులూ ఎండుతాయి, యాపిల్ తోటల సంగతే మా బాధ అన్నాడట. ఆ మాట విన్నాక మావారు కాసేపు ఏమీ అనలేదు. కాలవ కట్టేస్తే తోటలో చెట్టు ఎలా వాడుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

తర్వాత అన్నారు, నేను భయపడ్డ ఆ మాట. "పోనీ, మార్చిలో చూద్దాంలే."

మార్చి సంగతి నాకు తెలుసు. మార్చిలో ఆయనకి సంవత్సరాంతపు లెక్కలు. అబ్బాయికి పరీక్షలు దగ్గర పడతాయి. అమ్మాయికి మళ్ళీ సెలవివ్వరు. పైగా దానికి సంబంధాలు చూస్తున్నాం. ఈలోగా ఏదో ఒకటి కుదిరితే ఇక మేం నలుగురం కలిసి వెళ్ళే ప్రయాణం ఎప్పటికి? మంచు ఫిబ్రవరిలోనో, వచ్చే ఏడో పడుతుంది. ఈ నలుగురికీ ఒకేసారి దొరికిన అయిదు రోజులు మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి?

పాకం దించేసి, పాత క్యాలెండరు కాగితం వెనక లెక్క రాశాను. విమానం టిక్కెట్లు రద్దు చేస్తే అన్నీ కలిపి నలభై ఒక్క వేలు పోతాయి. "ముక్క మంచు చూడకుండా నలభై వేలా!" అన్నారు మావారు. "మార్చికి వాయిదా వేసినా ఆ నలభై ఒకటీ పోతాయండీ. అవి పోయినట్టే. ఆ డబ్బుతో పాటు ఈ అయిదు రోజులు కూడా పారేసుకుందామా వద్దా అన్నదే ఇప్పుడు మనం తేల్చుకోవాల్సింది" అన్నాను. ఆయన వ్యాపారస్తుడు. పోయిన కాయ వేరు, చెట్టు మీదున్న కాయ వేరు అని ఆయనకి ఎక్కింది.

అబ్బాయి మనాలీ అన్నాడు, ఔలీ అన్నాడు. ఆ నెల హిమాచల్లోనూ, ఉత్తరాఖండ్‌లోనూ అదే కరువు. ఎండు గడ్డి చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా అంది అమ్మాయి. అప్పుడు నేను లంబసింగి అన్నాను. ఆంధ్రా కశ్మీర్ అని పేరుంది, మూడు వేల అడుగుల పైన ఊరు, కొన్న స్వెట్టర్లు పనికొస్తాయి, మన కారుంది, ఎవరి టిక్కెట్టూ అక్కర్లేదు. మా అబ్బాయి మొహం చూడాలి అప్పుడు! "గుల్మార్గ్ అని ఫ్రెండ్సందరికీ చెప్పి, లంబసింగి వెళ్ళానంటే ఎలా అమ్మా?" అన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది. అది చిన్న బాధ అనలేదు. ఓదార్చనూ లేదు. ఒక్కరోజు వదిలేశాను.

అసలు చిక్కు ఇంకోటి వచ్చింది. ప్రయాణం దగ్గరకి మారేసరికి మావారు, "అయితే అమ్మని కూడా తీసుకెళ్దాం, అక్కయ్యని రావద్దని చెప్పేయ్" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అత్తయ్యగారు వస్తే వద్దనడానికి కాదు. ఆవిడ మందులు, వేణ్ణీళ్ళు, మెత్తటి అన్నం అన్నీ నాతో పాటు ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. ఆ మాట పైకి అనలేను, అనకుండా మింగలేను. నన్ను ఆ ఇరకాటంలోంచి తప్పించింది అత్తయ్యగారే. పడక్కుర్చీలోంచి, "నేనెక్కడికీ రాన్రా. నా కూతురొస్తోంది. కనుమకి జగ్గన్నతోట ప్రభలు చూస్తాం, శనివారం వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్తాం, వచ్చేటప్పుడు ర్యాలి. మీ మంచు రాలేదని నా ప్రయాణం చెడగొట్టకండి" అన్నారు. ఆవిడ కూడా నెల్లాళ్ళనించి ఆ అయిదు రోజుల కోసం ఎదురుచూస్తున్నారని నాకప్పుడే తెలిసింది. ఇంట్లో ఒకరి ప్రయాణం మారితే దాని వెనక ఎవరెవరి ప్రయాణాలు కదులుతాయో చూడండి.

అలా 18న తెల్లారకుండా ముమ్మిడివరం, యానాం, కాకినాడ మీదుగా బయలుదేరాం. అన్నవరంలో కొండెక్కి దర్శనం, ఆకులో పొట్లం కట్టిన ప్రసాదం. తుని దాటి నర్సీపట్నం, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు. సంక్రాంతి జనం ఇంకా తగ్గలేదు. గది దొరకడమే గొప్ప, వేణ్ణీళ్ళు అడిగితే బకెట్టు లెక్కన ఇచ్చారు. ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారట. బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు. మర్నాడు చీకటితోనే చెరువులవేనం కొండెక్కాం. తెల్లవారేసరికి కింద లోయ మొత్తం తెల్లగా, పాలు పొంగి గిన్నె అంచుల దాకా వచ్చినట్టుంది. మన తెలుగులో ఆకు మీది బిందువుకీ, లోయలో కమ్మే పొగకీ, కొండ మీద గడ్డకట్టేదానికీ అన్నిటికీ మంచు అనే ఒక్క మాటే వాడతాం. నీహారం, తుహినం, హిమం అని వేరు చేసి చదువుకున్నది పుస్తకాల్లోనే. డిగ్రీలో తెలుగు చదివిన మొహాన్ని కాబట్టి ఆ మాట మావాడితో అన్నాను. "అయితే మంచు చూశామని అబద్ధం లేకుండా చెప్పొచ్చన్నమాట" అని మొదటిసారి నవ్వాడు.

తాజంగి చెరువు, స్ట్రాబెర్రీ మళ్ళు, పాడేరు దారిలో సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియం తీగలు, వాటి నీడన కాఫీ తోటలు చూసుకుంటూ చాపరాయి దాకా వెళ్ళాం. అక్కడ వెడల్పాటి వాలు బండ మీద ఏరు పారుతుంది. నీళ్ళు తక్కువగా ఉన్నచోట అబ్బాయి జారాడు, అమ్మాయి జారింది. వాళ్ళిద్దరూ గదమాయించగా మావారు కూడా జారి, లుంగీ చిరిగిందని నామీద విసుక్కున్నారు.

చెప్పాల్సింది మాత్రం మూడో రాత్రి సంగతి. ఆ కొండల్లో ఫోను సిగ్నలు సరిగ్గా లేదు. కొబ్బరి ధర అడిగేవాళ్ళు లేరు, మావారికి లేచి వెళ్ళే చోటు లేదు. చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు అమ్మాయి, "నాన్నా, నాకు ఇంకో రెండేళ్ళు ఆగాలనుంది. ఉద్యోగం మానేయమనే సంబంధం మాత్రం చూడొద్దు" అంది. ఇదే మాట నాతో ఆరు నెలలుగా అంటోంది. నేను ఆయనతో చెబితే "చూద్దాం" అనేవారు. ఆ రాత్రి ఆయన చాలాసేపు మంటలో పుల్లలు ఎగదోశారు. తర్వాత, "రెండేళ్ళు నావల్ల కాదమ్మా, ఏడాది ఆగుతాను. ఉద్యోగం సంగతి ముందే మాట్లాడతాను" అన్నారు. అది పూర్తిగా సంతోషపడలేదు, ఆయనా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ఆ మాటలు వాళ్ళిద్దరి మధ్యా నేరుగా జరిగాయి. 22న విశాఖలో దాన్ని విమానం ఎక్కించి మేం అమలాపురం దారి పట్టాం.

గుల్మార్గ్‌లో మంచు జనవరి ఆఖర్లో మొదలై, ఫిబ్రవరిలో బాగా పడింది. వాయిదా పడిన ఆటలు ఫిబ్రవరి 21 నుంచి 25 దాకా జరిగాయి. 2025లో కూడా మంచు చాలక అవే ఆటలు ఫిబ్రవరి నుంచి మార్చికి జరిగాయి. కాబట్టి మీలో ఎవరైనా పిల్లల కోసం అలాంటి ప్రయాణం పెట్టుకుంటే జనవరి కన్నా ఫిబ్రవరి మేలు. రద్దు చేస్తే ఎంత పోతుందో టిక్కెట్టు కొనేటప్పుడే కాగితం మీద రాసుకోండి. బయలుదేరే వారం ముందు అక్కడుండే మనిషితోనే మాట్లాడండి, నిరుడి ఫోటోలు నమ్మొద్దు. సర్దిన బట్టలతోనే వెళ్ళగలిగే రెండో చోటు ఒకటి ముందే అనుకుని ఉంచుకోండి. ఇంట్లో ఎవరైనా "తర్వాత వెళ్దాంలే" అంటే, ఏ తారీఖున అని అప్పుడే అడగండి. తారీఖు చెప్పలేకపోతే ఊరు మార్చండి, రోజులు మాత్రం వదలకండి.

తిరిగొచ్చిన డబ్బులో ఖర్చులు పోగా మిగిలింది పోస్టాఫీసులో వేశాను. గుల్మార్గ్ కోసమని అబ్బాయి అనుకుంటున్నాడు. అత్తయ్యగారు మాత్రం మొన్న ఆడపడుచుతో ఫోన్లో, "వీళ్ళు మళ్ళీ ఎప్పుడు వెళ్తారో కనుక్కుని చెబుతాలే, ఈసారి అంతర్వేది వెళ్దాం" అంటున్నారు.