కూనూరు తేయాకు, అమ్మీజాన్ నిద్ర

మెట్టుపాళయంలో కొండరైలు ఎక్కి, నీలగిరుల్లో సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉన్న కూనూరు చేరుకున్నాము. కనుచూపు మేర తేయాకు తోటలే. అయినా మా మనసు ఇంటి మీదే ఉంది. ఇషా నమాజు తరువాత కాఫీ తాగడం మా అమ్మీజాన్‌కు అలవాటు. నిద్రపట్టక, ఫజ్ర్‌కు లేవలేక ఎంతో బాధపడేవారు. "ఇక టీకి మారతాను, మంచిది చవకలో తీసుకురండి" అన్నారు.

ఫ్యాక్టరీ పక్క దుకాణంలోని పెద్దాయన, "పొట్లం ధర కాదు, కప్పు ధర చూడండి" అన్నారు. కిలో 300 రూపాయలైనా, కప్పుకు 2 గ్రాముల చొప్పున 500 కప్పులు వస్తాయి. అంటే కప్పుకు 60 పైసలే! పాలు పోసే టీకి త్వరగా చిక్కటి డికాక్షన్ దిగే డస్టు రకమే మేలని అరకిలో కొన్నాము.

తూకం సమానమైతే ఎండు తేయాకులోనే కాఫీ గింజలకన్నా కెఫీన్ ఎక్కువ. కానీ కప్పుకు వాడే ఆకు తక్కువ. అందుకే 240 మిల్లీలీటర్ల కాఫీలో సుమారు 95 మిల్లీగ్రాములుంటే, టీలో దాదాపు సగమే. సగమే గాని, సున్నా కాదు. అందుచేత ఆ కప్పును ఇషా నుండి అస్ర్‌కు మార్చాము.

అల్‌హందులిల్లాహ్! ఇప్పుడు ఫజ్ర్‌కు మమ్మల్ని లేపేది అమ్మీజానే.