కారు మీద గీత పడిందా? ముందు గోటితో తడమండి

మన ఐటీ వాళ్ళకో మంచి అలవాటుంది. ఆఫీసులో ఎంత పెద్ద సిస్టమ్ పడిపోయినా ముందు లాగ్స్ చూస్తాం, తర్వాతే చెయ్యి పెడతాం. అదే మనం కారు తలుపు మీద బెత్తెడు గీత కనబడగానే మాత్రం నేరుగా సర్వీస్ సెంటర్‌కి పోయి, అక్కడతను ఏం చెబితే దానికి తలూపి వస్తాం. "డోర్ మొత్తం పెయింట్ వెయ్యాలి సార్. ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం, మీకేం ఖర్చుండదు" అంటాడతను. ఈ "ఖర్చుండదు" దగ్గరే నాకు పేచీ.

లెక్క చూద్దాం. వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ చెయ్యకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. బోనస్‌ని కాపాడే యాడ్-ఆన్ ఏదీ తీసుకోకుండా ఒక్క క్లెయిమ్ పెట్టారా, మరుసటి రెన్యువల్‌కి అది సున్నా. అక్కణ్ణుంచి మళ్ళీ 20, 25, 35, 45, 50 అని మెట్లెక్కాలి. అంటే ఏటేటా పోగొట్టుకునేది 50, 30, 25, 15, 5 శాతాలు. కూడితే 125. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 8,000 అనుకుంటే, అక్షరాలా పదివేలు! క్లెయిమ్‌లో మన జేబులోంచి కట్టే వాటా దీనికి అదనం. పైగా ఫ్యాక్టరీలో ఓవెన్లో కాల్చి వేసిన అసలు పెయింట్ పోయి, దానికంటే తక్కువ వేడిలో ఆరిన పెయింట్ వస్తుంది.

ఇక గీత సంగతి. కారు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికన్నా పైన గాజులాంటి క్లియర్ కోట్ ఉంటాయి. ఈ క్లియర్ కోట్ మందం చాలా కార్లలో 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మామూలు తల వెంట్రుక కూడా అంతకన్నా లావే. తేలిక గీతలన్నీ ఇందులో పడినవే. రంగు ఎక్కడికీ పోదు. గీత అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోయి తెల్లగా కనబడుతుంది, అంతే.

లోతు తెలుసుకోవడానికి రెండు పరీక్షలు. గీత మీద నీళ్ళు చల్లండి. తడిలో మాయమైపోతే అది క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు. తర్వాత గోటిని గీతకి అడ్డంగా మెల్లిగా లాగండి. గోరు తట్టుకోకుండా జారిపోతే ఇంట్లో చేసుకోగల పని. తట్టుకుంటే, లేదా లోపల ప్రైమరో రేకో కనబడితే మన చేతిలో లేదు. అన్నట్టు, కొన్ని "గీతలు" అసలు గీతలే కావు. పక్క బండి రంగో, హ్యాండిల్ రబ్బరో అంటుకుని ఉంటుంది. పైపై మరక పోతే కిందంతా శుభ్రంగా ఉంటుంది.

ఇంటి చిట్కాల గురించి కూడా చెప్పుకోవాలి. కొబ్బరినూనె, డబ్ల్యూడీ-40 రాస్తే గీత పోయిందని మురిసిపోతారు చాలామంది. అది నీళ్ళ పరీక్ష లాంటిదే, గీతలో నూనె నిండింది. బగ్ అలాగే ఉంది, ఎర్రర్ మెసేజ్ ఒక్కటే దాచాం. కారు కడిగితే మళ్ళీ ప్రత్యక్షం. టూత్‌పేస్ట్‌లో కాస్త గరుకు పొడి ఉంటుంది కాబట్టి కొంచెం పనిచేస్తుంది గానీ, అది పళ్ళ కోసం చేసింది. నిజంగా గీత తియ్యడమంటే చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని గీత అడుగు దాకా అరగదీసి సమం చెయ్యడమే. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఎంత రుద్దాలో, ఎక్కడ ఆపాలో దానంతట అదే తెలుస్తుంది.

ఆ మధ్య నా కారు వెనక తలుపు మీద జానెడు గీత పడింది. మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే కార్లు తుడిచే కుర్రాడి బకెట్ తగిలిందని తేల్చారు. సర్వీస్ సెంటర్ అంచనా ఆరువేలు. "వాడి జీతంలో నెలనెలా కోసేద్దాం సార్" అన్నారు సెక్రటరీ గారు. ఆ కుర్రాడు ఆ పక్కనే తలొంచుకుని నిలబడ్డాడు. నేను మగ్గుతో నీళ్ళు పోసి చూపించాను, గీత మాయం. "ఆదివారం దాకా ఆగండి" అన్నాను.

ఆదివారం నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు షాంపూతో కడిగి ఆరబెట్టాను. తలుపు అంచుల దగ్గర పెయింట్ పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ మాస్కింగ్ టేప్ వేశాను. మైక్రోఫైబర్ గుడ్డ మీద శనగగింజంత రబ్బింగ్ కాంపౌండ్ వేసి, మరీ నొక్కకుండా ఓ నిమిషం రుద్దడం, తుడిచి చూడడం. నాలుగుసార్లు. తర్వాత పాలిష్, చివర్లో వాక్స్. మొత్తం గంట పని, సామాన్లన్నీ కలిపి వెయ్యి లోపే. ఏటవాలుగా చూస్తే సన్నటి జాడ ఇంకా కనబడుతుంది. దాన్ని అలాగే వదిలేశాను. ఇంకా రుద్దితే పోయేదేమో గానీ, క్లియర్ కోట్‌కి అన్‌డూ లేదు. జీతంలో కోత మాట మళ్ళీ రాలేదు.

మీరు చేసేటట్టయితే రెండు జాగ్రత్తలు. మ్యాట్ ఫినిష్ కారు జోలికి పోకండి, రుద్దిన చోట మెరుపు వచ్చి మచ్చలా మిగిలిపోతుంది. రుద్దుతుంటే గుడ్డకి కారు రంగు అంటుతుంటే వెంటనే ఆపండి. ఒకవేళ మీది క్లియర్ కోట్ లేని పాతకాలపు పెయింట్ అయితే రంగు అంటడం మామూలే, కాకపోతే అరుగుతున్నది రంగే.

అసలు మన కార్ల మీద ఎండలో సాలెగూడులా మెరిసే సన్నగీతలు ఎక్కువగా ఎలా పడతాయో తెలుసా? రోజూ పొడి గుడ్డతో దుమ్ము దులిపించడం వల్ల! దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, మనమే డబ్బులిచ్చి వాటితో రుద్దిస్తున్నాం. రోజూ తుడవమనే బదులు వారానికి రెండుసార్లు ముందు నీళ్ళు పోసి తర్వాత తుడవమనండి. ఆ కుర్రాడికి రెండు మంచి గుడ్డలు మీరే కొనివ్వండి. బకెట్ తగిలిన గీతకి జీతం కొయ్యాలంటే, ఈ పద్ధతి పెట్టిన మన జీతాల్లో ఎంత కొయ్యాలంటారు?