ముందు ఇంటిపేరు

గత ఏడాది నాన్నగారికి విశాఖపట్నం నుంచి రాయ్‌పూర్‌కు బదిలీ అయింది. సమతా ఎక్స్‌ప్రెస్‌లో రాయగడ, టిట్లాగఢ్ దాటుకుంటూ వచ్చి ఇక్కడ దిగాం. కొత్త క్వార్టరు, కొత్త తరగతి మనందరికీ అలవాటే. కానీ ఈసారి నాకు పేరుతోనే చిక్కు వచ్చింది.

మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇక్కడ ఇంటిపేరు చివర వస్తుంది. హాజరు పట్టీలో ముందున్నదే నా పేరనుకుని తరగతిలో అందరూ నన్ను ఇంటిపేరుతో పిలవసాగారు. ఆ పేరుతో పిలిస్తే మా నాన్నగారూ, తాతయ్యా కూడా పలకాలి! సరిదిద్దడానికి నాకొచ్చిన హిందీ చాలలేదు. ఊరుకున్నాను.

ఆ రోజుల్లోనే సైన్సులో అయానిక సమ్మేళనాల పేర్లు, ఫార్ములాలు మొదలయ్యాయి. లోహం పేరు ముందు, అలోహం పేరు తర్వాత అనగానే నాకు నవ్వొచ్చింది. సోడియం క్లోరైడ్‌లో సోడియం ఇంటిపేరులా ఏ మార్పూ లేకుండా ముందు నిలబడుతుంది. వెనక వచ్చే క్లోరిన్ మాత్రం క్లోరైడ్ అవుతుంది. అలాగే ఆక్సిజన్ ఆక్సైడ్, సల్ఫర్ సల్ఫైడ్. ఇది మన పద్ధతే కదా అని ధీమాగా ఉన్నాను.

యూనిట్ టెస్టులో ఆ ధీమా పోయింది. 'ఐరన్ త్రీ ఆక్సైడ్' ఫార్ములా రాయమన్నారు. ఐరన్ పక్కన బ్రాకెట్లో రోమన్ అంకె మూడు ఉంది. మూడు ఆక్సిజన్లు కాబోలనుకుని ఎఫ్ఈ రాసి, ఓ కింద 3 వేశాను. కాల్షియం హైడ్రాక్సైడ్‌కు బ్రాకెట్ పెట్టడం మరిచాను. పదికి మూడు వచ్చాయి. పేపరు మీద ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి. నాన్నగారు క్యాంపుకు వెళ్ళారు.

అమ్మ పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. "నీ ఇంగ్లీషు సైన్సు నాకేం తెలుస్తుందే" అని ఎప్పుడూ తప్పుకునేది. ఆ రోజు భయపడుతూనే పేపరు ఇచ్చాను.

"వేలెన్సీ అంటే ఏమిటి?" అంది.

"నా బెంచీ అమ్మాయి హిందీలో సంయోజక్‌తా అంటుందమ్మా."

"ఓసి, సంయోజకతా! మేమూ అదే చదివాం. పెన్సిలు ఇలా తే."

"ఆ మూడు ఆక్సిజన్ల లెక్క కాదు, ఇనుము ఆవేశం" అని మొదలుపెట్టింది. ఇనుముకు ప్లస్ 3, ఆక్సైడ్‌కు మైనస్ 2. క్లాసులో మాకు అంకెలను అటూ ఇటూ మార్చి వేయడం నేర్పారు. అమ్మ మాత్రం క.సా.గు. తీసింది. 3కీ 2కీ క.సా.గు. 6. ప్లస్ 6 కావాలంటే రెండు ఇనుములు, మైనస్ 6 కావాలంటే మూడు ఆక్సిజన్లు. రెండూ కలిస్తే సున్నా. అందుకే ఎఫ్ఈ కింద 2, ఓ కింద 3. కాల్షియం ఆక్సైడ్‌లో 2, 2ల క.సా.గు. 2 కాబట్టి ఒక్కొక్కటి చాలు. కింద అంకెలు వేసి మళ్ళీ కొట్టేసే పని లేదు.

"హైడ్రాక్సైడ్‌లో ఓ, హెచ్ రెండూ కలిసి ఒకే అయాను. రెండు జంటలు కావాలంటే జంటను బ్రాకెట్లో పెట్టి బయట 2 వెయ్యి. లేకపోతే ఆ 2 ఒక్క హెచ్‌కే అంటుకుంటుంది. పండక్కి గోడలకు వేసే సున్నం ఇదేనే!"

మరి ఇనుముకే ఆ రోమన్ అంకె ఎందుకు? సోడియం అయాన్ ఎప్పుడూ ప్లస్ 1, కాల్షియం ప్లస్ 2. ఇనుము ప్లస్ 2 గానూ ఉంటుంది, ప్లస్ 3 గానూ ఉంటుంది. ఐరన్ టూ ఆక్సైడ్ నల్లగా ఉంటుంది, ఐరన్ త్రీ ఆక్సైడ్ ఎర్రగా ఉంటుంది. ఉత్త 'ఐరన్ ఆక్సైడ్' అంటే ఏదో తెలియదు. విశాఖ ఓడరేవు వైపు ఎర్ర ఖనిజంతో వెళ్ళే గూడ్సు బళ్ళను చిన్నప్పటి నుంచీ చూశాను. అందులో ఉండేది హెమటైట్, అంటే ఈ ఐరన్ త్రీ ఆక్సైడే. అది ఈ రాష్ట్రంలోని బైలాడీలా గనుల నుంచి కిరండూల్–కొత్తవలస రైలు మార్గంలో మా ఊరికి వస్తుందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

వారం తర్వాత బోర్డు మీద ఫార్ములా రాయడానికి సార్ నన్ను పిలిచారు, ఇంటిపేరుతోనే. అల్యూమినియం సల్ఫేట్‌ను బ్రాకెట్‌తో సహా సరిగ్గా రాశాను. ఆ ధైర్యంతో వచ్చీరాని హిందీలో అన్నాను: "సార్, మా పేర్లలో కూడా లోహమే ముందు వస్తుంది. మీరు పిలిచింది మా ఇంటిపేరు. నా పేరు దాని తర్వాత ఉంది." క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, పట్టీలో నా పేరు కింద గీత గీశారు. ఆ రోజు నుంచి అందరూ నన్ను నా పేరుతోనే పిలుస్తున్నారు.

తర్వాతి టెస్టులో పదికి తొమ్మిది వచ్చాయి. ఆ పేపరు మీద సంతకం చేయడానికి నాన్నగారు ఇంట్లోనే ఉన్నారు. అయినా అమ్మ చేతే చేయించాను.

— పదో తరగతి విద్యార్థిని