ఎవరూ తరమని పరుగు



మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. ఎమ్మెస్సీకి అనంతపురం జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చినప్పుడు, ఇక్కడ ఎలా మసలుకోవాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. సెమినార్లన్నీ ఇంగ్లీషులోనే. నోరు విప్పకుండానే రోజులు గడిచిపోయేవి.

ఒక సాయంత్రం గదిలో ఉండలేక బీచ్ రోడ్డుకు వెళ్లాను. కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర ఇసుకలోకి దిగి పరుగందుకున్నాను. రెండు నిమిషాలకే ఆయాసం! నడిచాను, మళ్లీ పరుగెత్తాను. పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోతాయి. అలలు తడిపిన ఇసుక గట్టిగా ఉంటుంది. ఇక్కడ సూర్యుడు ఊరివైపు దిగుతాడు, చీకటి సముద్రం మీది నుంచి వస్తుంది.

ఇప్పుడు ఆగకుండా మూడు కిలోమీటర్లు వెళ్తున్నాను. మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తితే చాలు, రొప్పు రాదు. మా ఊళ్లో పరుగంటే కానిస్టేబుల్ సెలెక్షన్లకే. అందుకే అమ్మ ఫోన్‌లో, "నిన్నెవరు తరుముతున్నారే?" అని నవ్వింది.

ఈ విశాఖ అమ్మాయే జ్యోతి యర్రాజి, 2023 ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో రజతం గెలిచింది. నా పరుగుకు పతకం లేదు, మార్కులూ లేవు. చదువు, ఉద్యోగం ఇంటికోసం. ఆ అరగంట మాత్రం నాకోసం.

చెల్లెళ్లారా, మన హాస్టల్లో ఆటల గంట కొడితే ఆడేవాళ్లకంటే కుళాయి దగ్గర బట్టలుతికేవాళ్లే ఎక్కువ. నేనూ ఉతికినదాన్నే. రేపు గంట కొట్టగానే ఒక్క చుట్టు పరుగెత్తి రండి. బకెట్లు ఎక్కడికీ పోవు.