ఖాళీ అట్టపెట్టె

మా అమ్మ పెట్టెలను పారేసేది కాదు. బిస్కట్ల డబ్బాలో సూదీ దారం, చెప్పుల పెట్టెలో కరెంటు బిల్లులు, హార్లిక్స్ సీసాలో పోపుదినుసులు ఉండేవి. కానీ ఆ పొదుపులో ఒక నియమం ఉంది: పెట్టె దేనికైనా పనికిరావాలి. ఏ పనికీ రాని ఖాళీ పెట్టెను పెట్టెగానే దాచుకోవడం మా ఇంటా వంటా లేదు. బహుశా అందుకే కాబోలు, అమెరికాలో నేనొక పొరపాటు చేశాను.

మా పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. నేలమాళిగ సర్దడానికి సాయం వెళ్ళాను. ఆయన తండ్రిగారి స్మిత్ అండ్ వెసన్ రివాల్వరును ఆయనే తూటాలు లేవని చూసుకుని ఒక గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. మూలలు చిరిగి, రంగు వెలిసిన నీలం అట్టపెట్టె ఒకటి బల్ల కింద పడి ఉంది. పాత పత్రికలతో పాటు దాన్నీ చెత్తబండికి వేశాను. మర్నాడు పొద్దున్నే బండి వచ్చి తీసుకుపోయింది.

ఆ మధ్యాహ్నం పాత ఆయుధాలు కొనే ఒకాయన వచ్చాడు. రివాల్వరును అటూ ఇటూ తిప్పి చూశాడు. అది మోడల్ 10. 1899లో మొదలైన ఆ వరసలో 60 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి అరుదైన వస్తువేమీ కాదు. చూడటం అయ్యాక అతను అడిగిన మొదటి ప్రశ్న, "దీని పెట్టె ఉందా?"

నా గుండె జారిపోయింది.

తరువాత తెలుసుకున్నాను. ఆ కాలపు స్మిత్ అండ్ వెసన్ పెట్టెల అడుగున, లోపలి తుపాకి క్రమసంఖ్యను ఫ్యాక్టరీలో పెన్సిలుతో రాసేవారు. ఆ అంకె, ఉక్కు మీద చెక్కిన అంకె ఒకటైతే రెండూ పుట్టుకతో జతవని లెక్క. కొన్ని మోడళ్ళతో పాటు పెట్టెలో స్క్రూడ్రైవరు, గొట్టం శుభ్రం చేసే కడ్డీ, సూచనల కాగితం కూడా వచ్చేవి. ఉక్కు వందేళ్ళు నిలుస్తుంది. అట్ట చెమ్మకు నాని, చెదలకు చిక్కి, నాలాంటి శుభ్రతాప్రియుల చేతిలో పడి పోతుంది. అందుకే సేకర్తలకు పెట్టె అంటే అంత ప్రీతి. ఖాళీ పెట్టెలనే విడిగా కొనేవారున్నారు, పాతవాటిలా అచ్చువేసి నకిలీలు చేసేవారూ ఉన్నారు. 1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వర్లలో తన చెక్కపెట్టెతో సహా మిగిలినట్టు తెలిసినది ఒక్కటే. 2018లో ఇల్లినాయి రాష్ట్రంలోని రాక్ ఐలండ్ వేలంలో అది 18 లక్షల 40 వేల డాలర్లు పలికింది.

విచిత్రం ఏమిటంటే, తుపాకిని అసలు పెట్టెలోనే ఏళ్ళ తరబడి ఉంచడం మంచిది కాదు. అట్ట గాలిలోని చెమ్మను పీల్చుకుని ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది. తెలిసినవాళ్ళు పెట్టెను ఒకచోట, తుపాకిని మరొకచోట దాస్తారు. జతగా పుట్టినవాటిని కాపాడాలంటే విడదీయాలన్నమాట.

ఇవేవీ ఆ మధ్యాహ్నం నాకు తెలియవు. పెద్దాయన ఒక్క క్షణం నా వైపు చూశారు. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. వచ్చినాయన వైపు తిరిగి, "అదెప్పుడో పోయిందండీ" అన్నారు. అతను తలాడించి, తక్కువ ధరే చెప్పాడు. పెద్దాయన బేరమాడలేదు, అమ్మనూ లేదు.

అతను వెళ్ళాక క్షమించమన్నాను. "డబ్బుదేముంది?" అన్నారు ఆయన. కాసేపాగి, "మా నాన్న దాన్ని కొన్న రోజు ఆ పెట్టెను నా చేతికిచ్చి మోయమన్నారు. అప్పుడు నాకు ఏడేళ్ళు. తుపాకిని ముట్టుకోనిచ్చేవారు కాదు. నాది అనుకున్నది ఆ పెట్టె ఒక్కటే" అన్నారు.

సేకర్తల లెక్కలో ఆ పెట్టె విలువ ఎంతో ఇప్పుడు నేను చెప్పగలను. ఆయన లెక్కలో ఎంతో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మ బిస్కట్ల డబ్బా చేతికి తగిలింది. లోపల సూదులు లేవు, దారం లేదు. తుడిచి, ఉన్నచోటే పెట్టి వచ్చాను.