అద్దంకి నుండి వెల్లూరుకు

మా అద్దంకి పాత ఊరు. క్రీ.శ. 848 నాటి పండరంగని పద్యశాసనము దొరికినది ఇక్కడే. మిరపకోతల కాలములో కూలీలు తెల్లవారకముందే బయలుదేరి, సాయంకాలము నడుములు పట్టుకొని ఇల్లు చేరుతారు. "నడుము లేవడం లేదు, ప్రార్థన చేయండి అయ్యగారూ" అనే మాట నేను వినని వారము లేదు.

మా సంఘములో ఒక సహోదరునికి పక్షవాతము వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ప్రాణము దక్కింది గదా అని ఇంటివారు మంచములో పడుకోబెట్టారు. "కదలవద్దు, విశ్రాంతి తీసుకో" అని నేనూ చెప్పి వచ్చాను. మూడు నెలలకు మోచెయ్యి బిగుసుకొని వేళ్ళు ముడుచుకుపోయాయి.

చివరికి ఒంగోలులో రైలెక్కి, కాట్పాడిలో దిగి వెల్లూరు వెళ్ళాము. ఇంటర్ బైపీసీ ముగించిన ఆయన కుమార్తె తోడు వచ్చింది. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒకే పడకతో ప్రారంభించిన ఆసుపత్రి అది. ఫిజియోథెరపీ చదువుతున్న ఒక విద్యార్థిని ఆయనను రెండు కమ్మీల మధ్య నిలబెట్టి, పడిపోకుండా మోకాలికి తన మోకాలు ఆనించింది. ఆ పూట ఆయన నాలుగడుగులు వేశాడు. మంచములో గడిచిన ఆ మొదటి నెలలే కదలికలు నేర్పుటకు ఎంతో విలువైనవని అక్కడ తెలుసుకొన్నాను. నా సలహా గుర్తొచ్చి తల వంచుకొన్నాను.

"అయ్యగారూ, నేను ఇదే చదువుతాను" అంది అమ్మాయి.

ఇంటికి వచ్చాక తల్లి ఒప్పుకోలేదు. "కాళ్ళు పిసికే పనికి కాలేజీ ఎందుకు? ఉన్న అరెకరము అమ్ముకోవాలా?" అంది. ఎముకలు, కండరాలు, నరాల పనితీరును నాలుగేళ్ళు నేర్చుకొని, ఆపైన ఆసుపత్రిలో శిక్షణ పొందవలసిన చదువు ఇదని చెప్పాను. డాక్టర్ మేరీ వర్గీస్ గారి సంగతీ చెప్పాను. 1954లో రోడ్డు ప్రమాదములో ఆమె రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. అయినా చక్రాల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఆమె కృషితోనే 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రము వెలసింది. తల్లి ఏమీ అనలేదు. ఆ పొలము మాత్రము కౌలుకిచ్చారు, అమ్మలేదు.

అమ్మాయి ఇప్పుడు రెండవ సంవత్సరము చదువుతోంది. సెలవులకు వస్తే తండ్రి వేళ్ళను ఒక్కొక్కటిగా చాపిస్తుంది. అవి పూర్తిగా విచ్చుకోలేదు. అయితే చొక్కా గుండీలు ఆయనే పెట్టుకొంటున్నాడు.

ప్రియులారా, ఇప్పుడు పక్షవాతము వచ్చినవారిని చూడబోతే, ప్రార్థన ముగించి ఒక మాట అడుగుతున్నాను: "డాక్టరుగారిని అడిగి వ్యాయామము మొదలుపెట్టించారా?"